మార్చి ఇచ్చిన కార్డు

డిసెంబరు 31 రాత్రి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చర్చిలన్నీ మేల్కొనే ఉంటాయి. పన్నెండు కొట్టగానే మోకాళ్ల మీదున్న వాళ్లంతా లేస్తారు, గంట మోగుతుంది, కేకు కోస్తారు. ఇక వాగ్దాన కార్డుల పళ్లెం దగ్గర తోపులాటే!

నిజానికి జనవరి 1కి బైబిలులో ప్రత్యేకతేమీ లేదు. ఐగుప్తు విడిచిన నెలనే మొదటి నెలగా లెక్కించుకోమని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పాడు (నిర్గమ 12:2). అయినా యూదులు ఏడవ నెల మొదటి రోజున కొమ్ముబూర ఊది కొత్త సంవత్సరం జరుపుకొంటారు. ఇథియోపియా క్రైస్తవులకది సెప్టెంబరులో వస్తుంది. ఇంగ్లండులో 1751 దాకా అధికారికంగా మార్చి 25నే సంవత్సరాది. నిజాం కచేరీల్లోనైతే మన తాతలకు తెలిసిన లెక్క ఫసలీ. స్పెయిన్‌లో పన్నెండు గంటలకు పన్నెండు ద్రాక్షలు తింటారు, జపాన్ బౌద్ధాలయాల్లో 108 సార్లు గంట కొడతారు. తేదీ ఏదైనా, రేపేమవుతుందోనన్న బెరుకు మాత్రం అందరిదీ ఒకటే.

మన రాత్రి ఆరాధనకూ ఒక చరిత్ర ఉంది. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్లు 1733లో ఇలా మేల్కొని ప్రార్థించారు. ఇంగ్లండులో కింగ్స్‌వుడ్ బొగ్గు గని కార్మికులు, ఒకప్పుడు సారాయి అంగళ్లలో తెల్లవార్చినవాళ్లే, మారుమనస్సు పొంది రాత్రంతా ప్రార్థనలో గడపడం చూసి జాన్ వెస్లీ 1740లలో దాన్ని తన సంఘాలకు అలవాటు చేశాడు. 1862 డిసెంబరు 31 రాత్రి అమెరికాలో నల్లజాతివారు చర్చిల్లో కూడి, తెల్లవారితే రావలసిన విముక్తి ప్రకటన కోసం ఎదురుచూశారు. వాళ్లు చీటీ కోసం కూర్చోలేదు!

చీటీ తీయడం తప్పని నేననను. మొరేవియన్లు కూడా రోజుకొక వాక్యాన్ని చీటీ వేసి ఎంచుకొని, 1731 నుండి పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. అయితే ఆ వాక్యం సంఘమంతటిదీ. 1755లో వెస్లీ ప్రారంభించిన నిబంధన ఆరాధననే చూడండి, ఇప్పుడు చాలా సంఘాల్లో అది సంవత్సరారంభంలో జరుగుతుంది. అందులో విశ్వాసి ‘ఈ ఏడు నాకేమిస్తావు’ అని అడగడు. కష్టమైనా సుఖమైనా తనను తాను దేవునికి అప్పగించుకుంటాడు. సెమినరీలో ఇదంతా చదువుకున్న నేను, పళ్లెం దగ్గర మాత్రం వేరే పని చేశాను.

దేవరకొండ వైపు ఒక పల్లెలో సేవ చేస్తున్న రోజులవి. ఒక తల్లికి యోహాను 16:33 వచ్చింది. చదివి వినిపించమంటే వినిపించాను. ఆ వచనంలో శ్రమ అన్న మాట చెవిన పడగానే ఆమె ముఖం పాలిపోయింది. కొడుకు పూణెలో మేస్త్రీ పనికి వెళ్లాడు మరి. “ఇది వద్దయ్యగారూ, ఇంకోటి ఇయ్యుండ్రి” అంది. మార్చి ఇచ్చాను. ఆ మరుసటి ఏడు ఇంకో అడుగు ముందుకేసి, అలాంటి వాక్యాలున్న కార్డులన్నీ ముందే ఏరి పక్కన పెట్టాను. అందరూ సంతోషంగా ఇళ్లకు వెళ్లారు.

ఆ ఏడే వేసవిలో కొడుకు సారువ మీద నుండి పడ్డాడు. నడుము విరిగి ఇంటికి చేరాడు. చూడటానికి వెళ్తే ఆ తల్లి గోడకు అంటించిన రెండు కార్డులనూ చూపించలేదు, నా మీద కోపమూ చూపలేదు. మంచినీళ్లిచ్చి, కాసేపటికి అడిగింది:

“అయ్యగారూ, పోయినేడు నేను వద్దన్న కార్డుల, శ్రమ తర్వాత ఇంకేమో రాసి ఉండె గద, ఏంది?”

బైబిలు తెరిచి ఆ వచనం చివరిదాకా చదివాను. మళ్లీ చదవమంది. మంచంలో ఉన్న కొడుకు కూడా ఇటు తిరిగాడు.