ముందు పన్ను, తర్వాత రేడియేషన్

మా మామయ్యకి నాలుక మొదట్లో క్యాన్సర్ అని తేలాక డాక్టర్ గారు రాసిచ్చిన మొదటి చీటీ డెంటిస్టుకి. "ప్రాణం మీదికొస్తే పళ్లు చూపించుకోమంటారేంటి?" అని అత్తయ్యకి కోపం. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. పైగా డెంటిస్టు మూడు పళ్లు పీకేసి, ఆ గాయాలు మానడానికి రెండు వారాలు ఆగమన్నారు. ఈలోపు గడ్డ పెరిగిపోతే? ఆ రెండు వారాలూ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

నేను చదివేది సీఎస్‌ఈ, మెడిసిన్ కాదు. (తెలుగు మీడియం కూడా కాదు, తప్పులుంటే సర్దుకోండి.) కానీ తోడు వెళ్లేది నేనే కాబట్టి అడిగేశాను. డెంటిస్టు మేడమ్ ఎక్స్‌రే చూపిస్తూ చెప్పారు. అక్కడ రేడియేషన్ ఇస్తే దవడ ఎముకలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. రక్తం సరిగా అందని ఎముకకి గాయం మానే శక్తి తగ్గిపోతుంది. తర్వాతెప్పుడో పుచ్చిపన్ను పీకితే ఆ గుంత మానకుండా, ఎముకే చచ్చిపోయి బయటపడొచ్చు. దాని పేరు ఆస్టియోరేడియోనెక్రోసిస్. ఏళ్లు గడిచినా ఆ రిస్కు పోదు. మన భాషలో అయితే రోల్‌బ్యాక్ లేని అప్‌డేట్. అందుకే పీకాల్సినవి ముందే పీకేస్తారు.

కీమోలో భయం వేరు. తెల్లరక్తకణాలు పడిపోయిన రోజుల్లో పంటి దగ్గర చిన్న ఇన్ఫెక్షన్ కూడా రక్తంలోకి పాకొచ్చు. క్యాన్సర్ డాక్టర్‌ని అడక్కుండా పంటి పని ఏదీ చేయించకూడదు.

రేడియేషన్ వారానికి ఐదు రోజులు, ఏడు వారాలు. మూడో వారానికి నోరంతా పూసింది. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి, మెత్తగా పిసికిన పెరుగన్నానికే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను తెలివిగా ఘాటైన మౌత్‌వాష్ కొనుక్కొచ్చా. అందులో ఆల్కహాల్ ఉంది, పుండు మీద కారం చల్లినట్టే! నర్సక్క దాన్ని పక్కన పెట్టేసి, కప్పు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి రోజుకి చాలాసార్లు పుక్కిలించమంది, తర్వాత మామూలు నీళ్లతో. బ్రష్ మాత్రం మానకూడదట. బాగా మెత్తటిది తీసుకుని, వేడినీళ్లలో ముంచి ఇంకా మెత్తబరచాలి.

పుండ్లు కొన్ని వారాల్లో తగ్గాయి. లాలాజలం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఉమ్మే కదా అని మనకి చిన్నచూపు గానీ, పళ్లని యాసిడ్ నుంచి కాపాడేది అదే. అది తగ్గితే బాగున్న పళ్లు కూడా చిగుళ్ల దగ్గర నెలల్లోనే పుచ్చడం మొదలవుతుంది. అందుకే ఇప్పుడు రోజూ ఫ్లోరైడ్ జెల్, ఎప్పుడూ చేతిలో నీళ్లసీసా. దవడ బిగుసుకుపోకుండా అద్దం ముందు నోరు తెరిచే ఎక్సర్‌సైజు ఒకటి. మా చెల్లి పక్కన నిలబడి వెక్కిరిస్తుంటుంది.

మొన్న కింది పన్ను ఒకటి జివ్వుమందట. వీధి చివర క్లినిక్‌లో పీకించుకొస్తానని మామయ్య బయల్దేరాడు. అత్తయ్య చెప్పులు దాచేసి నాకు ఫోన్ చేసింది. "ముందు ఆ రేడియేషన్ డాక్టర్ గారిని అడగరా."