నిమ్మనూనె రాసుకుని ఎండకెళ్తున్నారా?

ఔట్‌డోర్ షూటింగులో నిలబడే తారకైనా, బస్‌స్టాపులో నిలబడే అభిమానికైనా సూర్యుడొక్కడే! అందుకే నిమ్మజాతి సుగంధ తైలాలతో కాస్త జాగ్రత్త. తొక్క పిండి తీసిన బెర్గామోట్, లైమ్, నిమ్మ నూనెల్లో ఫ్యూరోకౌమరిన్లుంటాయి. నూనె రాసిన చోట ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలాయో, చర్మం కమిలి బొబ్బలెక్కుతుంది. తర్వాత మిగిలే నల్లమచ్చలు నెలల తరబడి వదలవు. కొలోన్ పూసుకుని ఎండకెళ్ళినవాళ్ళ ఒంటిమీద ఈ మచ్చల్ని ఫ్రాయిండ్ అనే వైద్యుడు 1916లోనే గుర్తించాడు.

మరి వాడొద్దా? వాడండి! ఆవిరితో తీసిన నిమ్మ, లైమ్ నూనెలకు, స్వీట్ ఆరెంజ్ నూనెకు ఈ పేచీ లేదు. ఒంటిమీద ఉండిపోయే పూతలో బెర్గామోట్ 0.4 శాతం దాటకూడదు. దాటితే 18 గంటలు ఎండకు దూరం. రాత్రే రాసుకున్నాం కదా అంటారా? తెల్లారితే ఎండే కదండీ!