మూర్ఛ వచ్చిన పిల్ల

గడచిన వర్షాకాలమున, ఖమ్మము నుండి భద్రాచలమునకు పోవు అడవిదారి ప్రక్కనున్న మా పల్లెలో, నీళ్లబిందెతో వచ్చుచున్న యొక యీడుపిల్ల మా వాకిటనే విరుచుకొని పడెను. కాలుసేతులు కొట్టుకొనెను, నోట నురుగు వచ్చెను. ఒకరు తాళపుచెవుల గుత్తి చేతిలో పెట్టిరి. ఒకరు పండ్లనడుమ చెంచా దూర్చబోయిరి. గాలి సోకినదని ముసలమ్మ యొకతె వేపమండలు తెమ్మనెను. మేము చెంచాను లాగివేసి, పిల్లను ప్రక్కకు ఒత్తిగిలజేసి, తలక్రింద చీరమడత యుంచి, గడియారము చూచుచు కూర్చుంటిమి. అయిదు నిమిషములు దాటినచో 108 బండిని పిలువవలెను గదా! రెండు నిమిషములకే తగ్గినది. తాళపుచెవులే తగ్గించినవని అందరును నమ్మిరి. తనంత తాను తగ్గు వేళ చేత నేది యున్న దానికే కీర్తి!

మన వైద్యశాస్త్రమున దీనిపేరు అపస్మారము. స్మృతి తొలగుట యని యర్థము. చరకుడు దీనికి చికిత్స చెప్పియుండగా మనము భూతవైద్యుని వాకిట నిలుచుచున్నాము. మెదడులోని కణములు సన్నని విద్యుత్తుతో ఒకదానికొకటి కబురంపుకొనును. ఆ విద్యుత్తు ఒక్కుమ్మడి అదుపుతప్పి చెలరేగుటయే మూర్ఛ. ఆ విద్యుత్తును గీతలుగా వ్రాయించి 1929లో లోకమునకు తెలిపినవాడు జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్. నేటి ఆసుపత్రులలో తీయు ఇ.ఇ.జి. అదియే.

పురిటిలో బిడ్డకు ఊపిరాడకపోవుట, తలకు దెబ్బ తగులుట మున్నగునవి కారణములు. పెక్కుమందిలో కారణమే తెలియదు. అడవిసీమలలో మలేరియా మెదడునకు ఎక్కినను మూర్ఛలు వచ్చును. పందిమాంసపు బద్దెపురుగు సంగతి వేరు. అది కడుపులో నున్నవారు బయటికి పోయినచో దాని గ్రుడ్లు మట్టిలో, నీటిలో కలిసి, కూరాకులకంటి, మరియొకరి కడుపు చేరి, మెదడులో తిత్తులగును. మాంసము ముట్టని యింటివారికిని ఇది తప్పదు. కావున ఆకుకూరలను బాగుగ కడుగుడు. పిల్లల చేతులను అంతకంటె బాగుగ కడుగుడు.

పిల్ల తెప్పరిల్లిన పిమ్మట తల్లి మా చెవిలో నొక మాట చెప్పినది. మాత్రలు రెండేండ్లుగా వాడుచునేయున్నారట. పెండ్లిచూపులవారి కంటబడునని పదిదినములుగా దాచివేసిరట! మూర్ఛను తెచ్చినది ఆ దాచుటయే. మందులు సరిగా వాడినచో నూటికి డెబ్బదిమంది వరకు మూర్ఛలు లేకుండ బ్రతుకగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. వానిలో కొన్ని గర్భస్థశిశువునకు కీడు చేయును గనుక, పెండ్లియీడు పిల్లల విషయము ముందే వైద్యునకు తెలుపవలెను గాని, మనంతట మనము మానిపించరాదు.

హిందూ వివాహచట్టమున ఈ వ్యాధి పెండ్లికి అడ్డంకిగా 1976లో చేరి, 1999లో తొలగింపబడినది. ఈ సంగతి చెప్పగా ఆ తల్లి చాలసేపు మాటలాడలేదు. మరుసటి నెలలో చూపులవారు మరల వచ్చినపుడు మాత్రలడబ్బా గూటిలో కనబడుచునే యుండెను. వరునివారు ఇంకను జవాబు చెప్పలేదు.