పాత సిలిండరునుండి తోటగంట

మన పాఠశాలలలో గంటకు బదులుగా రైలుపట్టా తునకను వ్రేలగట్టి సుత్తితో కొట్టుట బహుకాలమునుండి వాడుకలో నున్నది. ఆ తునకనే నేలపై నుంచి కొట్టినచో టక్కుమని యొక చప్పుడై యాగిపోవును. వ్రేలగట్టి కొట్టినచో వీధి చివరవరకు వినవచ్చును. ఇనుము మారలేదు, సుత్తి మారలేదు. మరి మారినదేమి? దీనికి సమాధానము తెలిసినవారు పాత సామానుల దుకాణములో దొరకు సిలిండరు తునకను తోటకు అలంకారమైన గంటగా మార్చుకొనగలరు.

దెబ్బ తగిలిన లోహము వణకును. ఆ వణకు గాలికి సంక్రమించి మన చెవికి నాదమగును. నేలపై నున్న తునక వణకును నేల హరించివేయును. వ్రేలాడునప్పుడు దానికి అడ్డు లేదు. అయితే వణకునట్టి వస్తువునం దన్ని చోట్లును సమానముగా కదలవు. కొన్ని చోట్లు మిక్కిలి కదలును, కొన్ని దాదాపు నిశ్చలముగా నుండును. నిశ్చలమైన చోట వ్రేలగట్టవలెను, కదలెడి చోట కొట్టవలెను. గంట చేయువిద్య కంతటికి నిదియే మూలసూత్రము.

ప్రాణవాయువు నింపెడి ఉక్కు సిలిండరును అడ్డముగా కోసినచో, మెడ గల పైభాగము గంట యాకారమున నుండును. దాని మూతి అంచున కొట్టినప్పుడు ఆ వలయము కోడిగ్రుడ్డువలె ఒకవైపు సాగి, మరుక్షణమున దాని కడ్డముగా రెండవవైపు సాగును. సెకనుకు కొన్ని వందల మారులు ఇట్లు జరుగును. మెడ మాత్రము కదలదు. కావున మెడయొద్ద వ్రేలగట్టి మూతియొద్ద కొట్టుట యుక్తము. దళసరి సమానముగా నున్నప్పుడు వెడల్పు హెచ్చిన కొలది స్వరము మంద్రమగును. మూతినుండి నిలువుగా గాటు పెట్టినచో వలయము తెగి, పగిలిన కుండ చప్పుడు వచ్చును.

ఇట్టి పని క్రొత్తది కాదు. 1915వ సంవత్సరము ఏప్రిల్ నెలలో బెల్జియమునందలి ఈప్ర పట్టణమువద్ద విషవాయువు ప్రయోగింపబడిన పిదప, సైనికులు ప్రేలిన ఫిరంగిగుండ్ల ఇత్తడి తొడుగులను కందకములలో వ్రేలగట్టి, వాయువు వచ్చినప్పుడు హెచ్చరికగా మ్రోగించెడివారు. ఎవరెస్టు ప్రాంతమునందు పర్వతారోహకులు విడిచిపోయిన ప్రాణవాయువు సిలిండరులను గంటలుగా వాడుటయు కలదు.

ఇక ముఖ్యమైన విషయము. సిలిండరు విషయమున “ఖాళీ” యను మాటను నమ్మరాదు. 14.2 కిలోల వంటగ్యాసు సిలిండరు లోపల సుమారు 33 లీటర్ల చోటు కలదు. పొయ్యి ఆరిపోయినను లోపల వాయువు శూన్యము కాలేదు. దాని ఒత్తిడి బయటి గాలితో సమానమైన దంతియే. ఈ వాయువు గాలిలో నూటికి సుమారు 2 మొదలు 9 పాళ్లవరకు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలిన ప్రేలును. అనగా 33 లీటర్ల చోటులో ఒక్క లీటరు వాయువు గాలితో కలిసి మిగిలియున్నను చాలును. పైగా అది గాలికంటె బరువైనది. వాల్వు తెరచి ఉంచినంత మాత్రమున లేచిపోదు. అట్టిదానిని గ్యాసు మంటతోగాని గ్రైండరుతోగాని కోయబూనినవాడు తన ప్రాణమునే పణముగా ఒడ్డినవాడగును. అసలు వంటగ్యాసు సిలిండరు మన సొత్తు కాదు, కంపెనీది, దానిని ముట్టనేరాదు. వెల్డింగుకు వాడు అసిటిలీను సిలిండరు మరియు భయంకరము. దానిలోపల రంధ్రములు గల పదార్థము నిండియుండి, అది అసిటోను ద్రవమును పీల్చుకొనియుండును. దానిని కోసిన తునకగా నిచ్చినను గైకొనరాదు.

మరి తునకను సంపాదించుట ఎట్లు? మన దేశమందలి 2016వ సంవత్సరపు గ్యాసు సిలిండరుల నిబంధనల ప్రకారము, పరీక్షలో పనికిరానివని తేలిన సిలిండరులను అణచివేసియో, మరల అతుకుటకు వీలులేకుండ ముక్కలుగా కోసియో నాశనము చేయవలెను. కావున పనివారు ముందే కోసిన ప్రాణవాయువు సిలిండరు తునకను మాత్రమే కొనవలెను. వాల్వు తీసివేయబడి, మెడ రంధ్రమునుండి చూచినప్పుడు ఆవలి వెలుతురు కనబడవలెను. వెలుతురు కనబడనిదానిని దుకాణములోనే విడిచి రండు.

పిదప పని సులభము. మూతి అంచును ఆకురాయితో నునుపు చేయుడు; లేనిచో చేతులు తెగును. త్రుప్పును ఉప్పుకాగితముతో రుద్దుడు. మెడ రంధ్రములో కొక్కెపు బోల్టును దూర్చి, లోపల వాషరును మరయును బిగింపుడు. రంగును పైభాగమునందే పూలుగానో లతలుగానో వేసి, మూతియొద్ద పలుచగా నూనె మాత్రము రాయుడు. దట్టమైన రంగు నాదమును మ్రింగును. 23 సెంటీమీటర్ల వెడల్పును 40 సెంటీమీటర్ల పొడవును గల తునక పదునైదు కిలోలకు పైబడి తూగవచ్చును. కావున గట్టి గొలుసుతో, బలమైన దూలమునకో కొమ్మకో, పిల్లల తలలు తగులని చోట కట్టవలెను. ఇనుప సుత్తికంటె కొయ్యసుత్తితో కొట్టినచో నాదము మృదువుగా నుండును.

విద్యార్థులారా, సిలిండరు తునక పెద్దల పని. మీ పనికి నీటి గొట్టపు తునకలు కలవు. ఒక మీటరు పొడవు గల ఇనుప గొట్టమును ఒక్కొక్క కొననుండి 22.4 సెంటీమీటర్ల దూరమున దారముతో కట్టి వ్రేలగట్టుడు. అవియే దాని నిశ్చలస్థానములు. నడుమ కొట్టి వినుడు. పిదప దారములను కొనలకు జరిపి మరల కొట్టుడు. నాదము త్వరగా నణగిపోవుట మీకే తెలియును. అదే గొట్టమును 70.7 సెంటీమీటర్లకు తగ్గించినచో స్వరము ఒక స్థాయి హెచ్చును. 50 సెంటీమీటర్లకు తగ్గించినచో రెండు స్థాయిలు హెచ్చును. పొడవు సగమైనప్పుడు కంపనముల సంఖ్య రెండింతలు గాక నాలుగింత లగుటయే దీనికి కారణము. ఈ లెక్కను పుస్తకములో చదువుటకంటె చెవితో వినుట మేలు.

తలిదండ్రులకు ఒక్క మనవి. ఇంటిలో పాత సిలిండరు ఏదైనను పడియున్నచో దానిని పిల్లల చేతికిగాని పాత సామానులవానికిగాని ఈయక, తగిన ఏజెన్సీకి అప్పగింపుడు. తోటకు గంట కావలెనన్న కోసిన తునకలు దొరకును.