ఎనుముకు ఊరు చెప్పేదెట్లా?

మా యలహంక ఇంట్లో అవ్వ నోట గేదె లేదు, బర్రె లేదు. ఎప్పుడూ ఎనుమే. కోస్తాలో గేదె, తెలంగాణలో బర్రె, రాయలసీమలో ఎనుము. కన్నడంలో ఎమ్మె, తమిళంలో ఎరుమై, ఇవన్నీ మన ఎనుము చుట్టాలే. అందుకే మాట ఒక్కటి రాసుకుంటే చాలదు, అది ఏ ఊరి నోట విన్నామో కూడా రాసుకోవాల.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. అది ఆంధ్రప్రదేశ్ రైతుల మాటలు పోగేసిన పని. మనం ఎల్లకు ఇవతల ఉన్నాం. యలహంక ప్రభువు కెంపేగౌడ పేరు మీద గంగాగౌరీ విలాసం అని తెలుగు యక్షగానమే ఉండాది. అయినా మన ఇండ్లలో మాటలు మనమే రాసుకోవాల.

నేను వాటిని ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో పెడతా ఉన్నా. 1998లో ఎక్స్‌ఎంఎల్ వచ్చినప్పటి నుంచే ఎలిమెంటు పేర్లు తెలుగులో పెట్టుకునే వీలుంది:

<మాట ఊరు="యలహంక">ఎనుము</మాట>

ఇక్కడ 'మాట' ఎలిమెంటు, 'ఊరు' ఆట్రిబ్యూటు. వందల మాటలకు చేత్తో రాయలేం కదా, పీహెచ్‌పీతో రాయించినాను. డామ్‌లో అయితే సెట్‌ఆట్రిబ్యూట్, సింపుల్‌ఎక్స్‌ఎంఎల్‌లో అయితే యాడ్‌ఆట్రిబ్యూట్. రెంటికీ ముందు పేరు, తర్వాత విలువ ఇయ్యాల. (కోడులో ఈ ఆజ్ఞలు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాల.)

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. యలహంక జాబితా నడిపినాక, అదే ఫైలు మీద చిత్తూరు జాబితా నడిపినా. ఎనుము అక్కడా ఉంది. చూస్తే ఊరు="చిత్తూరు" అని మాత్రమే మిగిలింది. అవ్వ మాటకు ఊరు పోయింది! సెట్‌ఆట్రిబ్యూట్ పాత విలువను చెప్పాపెట్టకుండా చెరిపి కొత్తది రాస్తుంది. యాడ్‌ఆట్రిబ్యూట్ అట్లా చెరపదు, ఆ ఆట్రిబ్యూటు ముందే ఉందని హెచ్చరించి పాతదాన్నే ఉంచుతుంది. అప్పుడు చిత్తూరు చేరదు.

తప్పు ఆజ్ఞలది కాదు, నా అమరికది. ఒక ఎలిమెంటులో ఒకే పేరున్న ఆట్రిబ్యూటు రెండుసార్లు రాకూడదు, వస్తే ఫైలే చెల్లదు. ఒక్కటిగా ఉండేదానికే ఆట్రిబ్యూటు. ఎన్నయినా ఉండేదానికి పిల్ల ఎలిమెంట్లు:

<మాట రూపం="ఎనుము">
<వాడుక ఊరు="యలహంక"/>
<వాడుక ఊరు="చిత్తూరు"/>
</మాట>

ఇప్పుడు ప్రతి ఊరికీ కొత్త 'వాడుక' చేర్చి, దానికి ఆట్రిబ్యూటు పెడితే ఏదీ చెరగదు. అదే ఊరు ముందే ఉందేమో ఒకసారి వెతికి చేర్చండి, లేకుంటే స్క్రిప్టు రెండోసారి నడిపినప్పుడు యలహంక రెండుసార్లు వస్తుంది.

భాష గుర్తు సంగతీ ఒక మాట. తెలుగుకు 'టీఈ' అని గుర్తు. దాని పక్కన 'ఐఎన్' చేర్చినా భారతదేశం అని తెలుస్తుందే గానీ యలహంక అని తెలీదు. కాబట్టి 'ఊరు' మనమే పెట్టుకోవాల.

మీ ఇంట్లో ఎనుమా, బర్రెనా, గేదెనా? ఊరు పేరుతో సహా కింద రాయండి. ఊరు లేని మాట మాత్రం పంపొద్దండీ.