పరిచయం యాప్‌ది, విచారణ మనది

తోట్లవల్లూరులో ఒక ఇంటికి సంబంధం వస్తే, అబ్బాయి ఫోటో చేతికి అందేలోపే విచారణ మొదలవుతుంది. ఉయ్యూరులోని మేనత్తకు ఒక ఫోను, బందరులోని తోడల్లుడికి ఒకటి, అవనిగడ్డలో స్థిరపడ్డ పాత మాస్టారికి ఒకటి. రెండు రోజులు తిరిగేసరికి అబ్బాయి జీతం, అప్పులు, కోపం, వాళ్ళ తాతగారి గట్టు తగాదా అన్నీ తెలిసిపోతాయి. జీతం కాస్త పెరిగి వస్తుంది, అప్పు కాస్త తగ్గి వస్తుంది. ఆ తేడాను సరిచేసుకోవడం అందరికీ వచ్చిన లెక్కే.

ఈ పద్ధతిలో లోపాలకు కొదవ లేదు. కులం మొదట అడుగుతారు, అమ్మాయిని చివర అడుగుతారు, ఒక్కోసారి అడగడం మరిచిపోతారు. అయినా దానికి ఒక బలం ఉంది. మాట చెప్పినవాడు రేపు కూడా దొరుకుతాడు. పెళ్ళిళ్ళ పేరయ్య అబద్ధం చెబితే మళ్ళీ అదే సెంటర్లో టీ తాగాలి.

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. ఆ సామెత కనీసం వంద దగ్గర హద్దు పెట్టింది. డేటింగ్ యాప్, అంటే ఒకరికొకరు తెలియని ఇద్దరిని ఫోనులో కలిపే ఏర్పాటు, అలాంటి హద్దేమీ పెట్టదు. అది పరిచయం చేస్తుంది, విచారణ చేయదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే మిగిలిన జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ముందు ఎంపిక సంగతి. ఈ యాప్‌లు స్థూలంగా మూడు రకాలు. తెలుగు మ్యాట్రిమొనీ, షాదీ వంటివి పెళ్ళి కోసం. 2012లో మొదలైన టిండర్ వంటివి ఫోటో చూసి, నచ్చితే కుడికి, నచ్చకపోతే ఎడమకు జరిపే పరిచయాల కోసం. ఈ రెంటికీ మధ్య, నిలకడైన బంధం కోరుకునేవారి కోసం కొన్ని ఉన్నాయి. ఐల్ సంస్థ 2022లో తెలుగువారి కోసం తెచ్చిన ‘నీతో’ ఆ కోవలోది.

ఏది మంచిదన్న ప్రశ్న కంటే, మనకేం కావాలన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. పెళ్ళి కోరేవారు కాలక్షేపం యాప్‌లోనూ, కాలక్షేపం కోరేవారు పెళ్ళి సైటులోనూ చేరి, మనుషులు మంచివాళ్ళు కారని ఇద్దరూ నిర్ధారణకు వస్తుంటారు. కేంద్ర ప్రభుత్వం 2016 జూన్‌లో పెళ్ళి సంబంధాల సైట్లకు మార్గదర్శకాలు ఇస్తూ, తమది పెళ్ళి కోసమే గాని డేటింగ్ కోసం కాదని స్పష్టంగా చెప్పాలని అడగవలసి వచ్చింది.

తరువాతిది జోడీ కుదిర్చే సూత్రం. మన ఇష్టాలను లెక్కగట్టి సరైన మనిషిని చూపిస్తామని చాలా సంస్థలు చెప్పుకుంటాయి. 2012లో ఎలీ ఫింకెల్, మరో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ మాటను పరిశీలించి, అటువంటి సూత్రాలు మామూలు పద్ధతులకంటే మెరుగని నమ్మదగిన రుజువు లేదని తేల్చారు. యాప్‌కు మనం దేనిమీద వేలు ఆపామో తెలుస్తుంది. చిరాకులో ఎలా మాట్లాడతామో తెలియదు.

యాప్ కచ్చితంగా లెక్కగట్టేది ఒక్కటే, దూరం. అందులోనూ ఒక తిరకాసు ఉంది. అది కాకి ఎగిరే దూరాన్ని లెక్కిస్తుంది. తోట్లవల్లూరులో కూర్చుని పది కిలోమీటర్లని పెడితే కృష్ణ అవతల కొల్లిపర వైపు మనుషులూ కనిపిస్తారు. వాళ్ళను కలవాలంటే బెజవాడ దాకా వెళ్ళి నది దాటి మళ్ళీ కిందికి రావాలి. ఇటువైపు కనిపించేవారిలో కొందరు మనకు వరసకు బావలో మరదళ్ళో అయ్యే అవకాశం కూడా కొట్టిపారేయలేనిది.

ఈ దూరం అంకెతో ఒక ప్రమాదమూ ఉంది. మూడు వేర్వేరు చోట్ల నుంచి ఒక మనిషి ఎంత దూరంలో ఉన్నాడో తెలిస్తే, మూడు వృత్తాలు గీసి, అవి కలిసే చోటును పట్టుకోవచ్చు. టిండర్‌లో ఇది సాధ్యమేనని 2014లో భద్రతా పరిశోధకులు చూపించారు. సంస్థ ఆ లోపాన్ని సరిదిద్దింది. నగరంలో ఒక కిలోమీటరంటే వేలమంది, పల్లెలో ఒక కిలోమీటరంటే దాదాపు ఇంటిపేరే. అందుకే దూరాన్ని దాచే వీలుంటే దాచడం మంచిది.

ప్రొఫైల్, అంటే మనల్ని గురించి మనం రాసుకునే పరిచయపత్రం, నిజంగా ఉండాలి గాని పూర్తిగా ఉండనక్కరలేదు. ఏం చేస్తాం, ఏం కోరుకుంటున్నాం అన్నవి నిజం చెప్పాలి. ఇంటిపేరు, ఫోను నంబరు, పనిచేసే ఆఫీసు మొదటే చెప్పనక్కరలేదు. ఫోటోలో బండి నంబరు ప్లేటు, మెడలో గుర్తింపు కార్డు, వెనకాల ఇంటి గేటు లేకుండా చూసుకోవాలి. పదేళ్ళ నాటి ఫోటో పెట్టేవారు, ఎదుటివారిని ఎప్పటికీ కలవబోమని ముందే నిశ్చయించుకున్నారనుకోవాలి.

నీలం టిక్కు గురించి కూడా ఒక మాట. చాలా యాప్‌లలో దాని అర్థం, ఫోటోలో ఉన్న ముఖమూ ఫోను పట్టుకున్న ముఖమూ ఒకటేనని మాత్రమే. ఆ ముఖానికి ఉద్యోగం ఉందని గాని, ఇదివరకే పెళ్ళి కాలేదని గాని టిక్కు చెప్పదు.

దొంగ ప్రొఫైల్ ఇంటర్నెట్‌తో పుట్టలేదు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకంలో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకిచ్చి పెళ్ళి చేస్తాడు. ముసలాయన విచారించకపోవడానికి కారణం తెలివితక్కువతనం కాదు, పిల్ల చవగ్గా వస్తోందన్న సంబరం. నేటి మోసాలన్నీ నడిచేదీ ఆ దారినే. మన తొందరా మన ఆశా వాళ్ళ పెట్టుబడి.

కాబట్టి మేనత్త చేసే విచారణ మనమే చేయాలి. ఫోటోను ఇంటర్నెట్‌లో వెతికితే అది మరో పేరుతో ఉందేమో తెలుస్తుంది. వారంలోపే ఒక వీడియో కాల్ అడగాలి. కెమెరా నెలల తరబడి పాడై ఉంటే, పాడైంది కెమెరా కాదు. ఊరు, చదువు, పని గురించి మామూలుగా అడిగి, పది రోజుల తరువాత అవే మళ్ళీ అడగాలి. పసుపు కొనేవాడు కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తాడు. రైతు నొచ్చుకోడు.

డబ్బు విషయంలో నియమం ఒక్కటే: చూడని మనిషికి రూపాయి పంపకూడదు. విదేశం నుంచి పంపిన కానుక కస్టమ్స్‌లో ఆగిందన్నా, తల్లికి ఆపరేషన్ అన్నా, లాభాలు కురిపించే ట్రేడింగ్ యాప్ అన్నా, కథలు వేరు గాని ఖాతా నంబరు దగ్గరే అన్నీ ముగుస్తాయి. 2024లో హైదరాబాద్ హైటెక్ సిటీ ప్రాంతంలో బయటపడింది మరో రకం. యాప్‌లో పరిచయమైన యువతులు ఒక పబ్బుకు రప్పించి, భారీ బిల్లు కట్టించి వెళ్ళిపోయేవారు. కలిసే చోటును ఎదుటివారే పట్టుబట్టి నిర్ణయిస్తుంటే కారణం ఆలోచించాలి.

మోసపోతే సిగ్గుపడడం తరువాత, ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. ఆ ఫిర్యాదు బ్యాంకులకు చేరి, డబ్బు ఖాతాల మధ్య ప్రయాణిస్తుండగానే ఆపే ప్రయత్నం జరుగుతుంది. అందుకే గంటలు లెక్కకు వస్తాయి. వీడియో కాల్‌ను రికార్డు చేసి, అది చూపించి బెదిరించినా డబ్బు కట్టకూడదు. మొదటి వాయిదా కట్టినవారికి రెండో వాయిదా తప్పదు. వేరొకరిగా నటించి ఆన్‌లైన్‌లో మోసం చేస్తే సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

అన్నీ సరిపోయాక కలవడం. పగలు, నలుగురు తిరిగే చోట, సొంత బండి మీదో బస్సులోనో వెళ్ళి కలవాలి. మంగినపూడి బీచ్ అందమైనదే గాని మొదటి సాయంత్రానికి తగదు. ఉయ్యూరులో అయితే ఎవరైనా చూస్తారని భయం. అసలు మొదటిసారి కావలసింది అలా చూసే కళ్ళే. బెజవాడ హోటళ్ళలో కళ్ళు ఉంటాయి, చుట్టరికం ఉండదు. ఎక్కడికి, ఎవరితో వెళుతున్నదీ ఒక స్నేహితుడికో అక్కకో చెప్పి వెళ్ళాలి. ఎదుటివారు ‘వద్దు’ అంటే కారణం అడగకుండా ఆగిపోవాలి. ఇది కూడా భద్రతలో భాగమే, వాళ్ళ భద్రతలో.

ఇన్ని జాగ్రత్తలా అని విసుక్కునేవారు ఉంటారు. వాళ్ళే ఎకరం పొలం కొనేముందు అడంగల్ తీయిస్తారు, ఈసీ తీయిస్తారు, గట్టు రాళ్ళు లెక్కపెడతారు. మనిషికి ఈసీ తీసే ఆఫీసు ఏదీ లేదు. ఆ పని చేసే మేనత్త యాప్‌లో ఉండదు. ఆవిడ ఫోను నంబరు మాత్రం మన దగ్గర ఉంది. కలవడానికి ముందు ఒకసారి చేయండి.