గర్భిణికి రేచీకటి వస్తే ఊరుకోరాదు

దీపాలు పెట్టే వేళకు గడప తడుముకుంటూ నడిచే గర్భిణిని చూసి ఇంట్లో పెద్దవాళ్ళు, "నెలలు నిండుతున్నాయి, కాన్పయితే అదే పోతుందిలే" అంటారు. చాలామందికి కాన్పు తర్వాత తగ్గే మాట నిజమే. అలాగని అది గర్భంతో సహజంగా వచ్చేదేమీ కాదు. ఒంట్లో ఎ విటమిన్ చాలడం లేదనడానికి అది గుర్తు.

ఎ విటమిన్ అనగానే పసిపిల్లలే గుర్తుకు వస్తారు. మన దేశంలో 1970లో మొదలైన విటమిన్ మందు పథకం కూడా పిల్లల కోసమే. కళ్ళు పూర్తిగా పోయే ప్రమాదం వారికే ఎక్కువ కనుక అది సబబే. పెద్దలకు దానితో పనిలేదనుకోవడమే పొరపాటు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్కల ప్రకారం రోజుకు పురుషుడికి 1000 మైక్రోగ్రాములు, స్త్రీకి 840, గర్భిణికి 900, పాలిచ్చే తల్లికి 950 కావాలి. అంకెలు చూసి బెదరనక్కరలేదు. 1000 మైక్రోగ్రాములంటే గ్రాములో వెయ్యో వంతు. ఏడాది పొడుగునా తిన్నది కలిపినా అర గ్రాము కాదు!

ఆ కాస్తా అందకపోతే మసక వెలుతురులో చూపునిచ్చే పదార్థం కంటి లోపలి పొరలో సరిగా తయారు కాదు. అదే రేచీకటి. ముదిరితే తెల్లగుడ్డు తడి ఆరి, నురగలాంటి మచ్చలు కనిపిస్తాయి. చర్మం గరుకెక్కుతుంది. రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుంది. కాలేయంలో కొంత నిలవ ఉంటుంది కనుక లోటు వెంటనే బయటపడదు.

పాలు, వెన్న, గుడ్లు రోజూ కొనలేని ఇంటికి మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు ఉన్నాయి. అయితే ఆకుకూరను నూనె చుక్క లేకుండా ఉడికించి తింటే విటమిన్ సరిగా ఒంటబట్టదు. తాలింపులో చెంచాడు నూనె పడాలి. కరివేపాకులోనూ ఇది దండిగా ఉంది, మనం దాన్ని ఏరి పళ్ళెం అంచున పెడతాం!

మాత్రలు మాత్రం సొంతంగా మింగరాదు. మాత్రలు, మేక కార్జం వంటివాటి ద్వారా రోజూ 3000 మైక్రోగ్రాములకు మించి చేరితే కాలేయానికి చెరుపు, కడుపులోని బిడ్డకు అవకరాలు రావచ్చు. ఆకుకూరలతో ఆ భయం లేదు. రేచీకటి ఉన్న గర్భిణి ఆ సంగతి నర్సుతో తానే చెప్పాలి. పగటిపూట పరీక్షకు వెళ్ళినప్పుడు ఆమె చూపులో లోపమేదీ కనిపించదు.